కెన్స్లీ ఫోర్బ్స్ చేతులు శుభ్రమైనవి

కీర్తిశేషులు ఎబెనెజర్ ఓమియర్ గారి కుమారుడను, బ్లూఫీల్డ్స్ పట్టణం ఓల్డ్ బ్యాంక్ పేట కాపురస్థుడను, బెథెస్ద ప్రార్థనా మందిరంలో నలభై యేళ్లుగా జీతం లేని బోధకుడను, కరీబియన్ తీర బేస్‌బాల్ లీగ్‌లో ఇరవై రెండేళ్లు అంపైరుగా నిలబడినవాడను అయిన థియోఫిలస్ ఓమియర్ అనే నేను, నా డెబ్బై నాలుగో యేట, నా చేతితోనే వ్రాస్తున్న మరణశాసనం ఇది. నా కాళ్లకు నీరు పట్టింది గాని బుద్ధికి తుప్పు పట్టలేదు. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టిన ఒకే ఒక్క మనిషి పదకొండేళ్ల క్రితం పోయింది, అప్పుడు నేను వినలేదు. ఇంతకు ముందు నేను వ్రాసిన వీలునామాలు ఏవైనా బయటపడితే అవి చెల్లవు. వాటిలో ఆస్తి ఉంది, నిజం లేదు.

1. ఓల్డ్ బ్యాంక్ పేటలోని నా ఇల్లు, వెనక వంటపాక, రెండు బ్రెడ్‌ఫ్రూట్ చెట్లు నా ఏకైక కుమార్తె మార్వాకు నా తదనంతరం సర్వహక్కులతో చెందవలెను. ఈ శాసనాన్ని అమలు జరిపించే బాధ్యత కూడా ఆమెదే. మార్వా, నీకు తొమ్మిదేళ్లప్పుడు మగపిల్లలతో కలిసి బంతి ఆడావని లేఖనం చదివి మరీ నిన్ను కొట్టాను. నీ గ్లవ్ లాక్కుని పారేశానని చెప్పాను. పారేయలేదు. బీరువా మీద పాత దుప్పటిలో చుట్టి ఉంది. ఏటా ఒకసారి తీసి, తోలు పగలకుండా తుడిచి, మళ్లీ చుట్టాను. అదీ నీదే. లేఖనంలో ఆడపిల్ల బంతి ఆడరాదని ఎక్కడా లేదు. తర్వాత వెతికి చూశాను.

2. బంతులకు రుద్దే బురద దొరికే చోటును లీగ్‌లోని ఆరు దేశాల ఆరు జట్లకూ సమానంగా ఇస్తున్నాను. కొత్త బంతి పచ్చి చేపలా జారుతుంది. ఆటకు ముందు అంపైరు ప్రతి బంతినీ బురదతో రుద్ది తుడిస్తేనే విసిరేవాడికి పట్టు దొరుకుతుంది. మా తీరంలో నా బురదకు సాటి లేదు. విలెమ్‌స్టాడ్ వాళ్లు సారా సీసాలు పట్టుకొచ్చి అడిగారు. కోలోన్ జట్టు మేనేజరైతే, "ఓమియర్, మా చెల్లెల్ని ఇస్తాను, చోటు చెప్పు" అన్నాడు. అప్పటికే పెళ్లైనవాణ్ణి కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను: మంచు ఫ్యాక్టరీ వెనక వాగు లగూన్‌లో కలిసేచోట, ఆటు వేళ, మూడో మడచెట్టు దాటాక, మోకాలి లోతున ఉన్న బూడిద రంగు మట్టి. పై పొర తీసుకోవద్దు.

3. డీకన్ అల్ఫోర్డ్ హుకర్‌కు నా ప్రసంగాల కాగితాలు, సుమారు రెండు వేలు. ముప్పై యేళ్లపాటు మొదటి బల్ల మీద కూర్చుని ఆయన నిద్రపోయినవన్నీ ఇందులో ఉన్నాయి. "బ్రదర్ ఓమియర్ గొంతు చిన్నపిల్లలకి జోలపాటలా ఉంటుంది" అని ఆయన రేవులో అందరి ముందూ అన్న మాట నేను మరచిపోలేదు, క్షమించానని పల్పిట్ మీద చెప్పింది అబద్ధం. ఇప్పుడు క్షమిస్తున్నాను. ఐదో అంశంలో ఆయనతో పని ఉంది.

4. ఇక ఈ కాగితానికి కారణమైన సంగతి.

1997 ఫిబ్రవరి 22, శనివారం, లీగ్ ఆఖరి ఆట మా ఊళ్లోనే, మా టార్పన్స్ జట్టుకూ విలెమ్‌స్టాడ్‌కూ జరిగింది. మా వైపు బంతి విసిరినవాడు కెన్స్లీ ఫోర్బ్స్. మా మందిరంలో మూడో బల్ల మీద కూర్చునే మిస్ వెర్లిండాకు ఒక్కగానొక్క కొడుకు, ఇరవై నాలుగేళ్లవాడు. ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు ఇవ్వలేదు. ఆఖరిదైన తొమ్మిదోదానిలో వాళ్ల బ్యాటర్ బంతి తెచ్చి నా అరచేతిలో పెట్టి, "అంపైర్ గారూ, ఇది బంతా, వేయించిన అరటికాయా?" అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొబ్బరి నూనె.

బంతికి జిడ్డు పూసి విసరడం మా ఆటలో దొంగతనమే. కెన్స్లీని పిలిచి టోపీ తియ్యమన్నాను. నుదుటి దాకా నూనె కారుతోంది. ప్రతి ఆటకు ముందూ వాళ్లమ్మ అతని తలకు కొబ్బరి నూనె రాసి, ప్రార్థన చేసి పంపుతుందని ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. "బ్రదర్ ఓమియర్, మా అమ్మ మీద ఒట్టు, నేను టోపీలో చెయ్యి పెట్టలేదు" అన్నాడు. "ఒట్టు పెట్టుకోవద్దని వాక్యం చెప్పలేదురా నీకు?" అని గేటు వైపు వేలు చూపించాను. మేము ఓడిపోయాము. నా ఫిర్యాదు మీద ఆరు జట్ల పెద్దలూ సంతకాలు చేశారు: కెన్స్లీ ఫోర్బ్స్ బతికినంత కాలం ఈ లీగ్‌లో ఆడరాదు, లీగ్ మైదానం ఏదీ తొక్కరాదు. "సొంత ఊరివాణ్ణి కూడా వదల్లేదు, అదీ దైవభక్తి అంటే" అని జనం అన్నారు. ఆ మాట నా నోటికి చాలాకాలం తియ్యగా ఉంది.

మరునాడు ఆదివారం. ఆకాను మీద ప్రసంగించాను. దోచినదాన్ని తన గుడారం కింద పాతిపెట్టి ఇశ్రాయేలు మొత్తాన్ని ఓడించినవాడు ఆకాను. పేరు పెట్టలేదు. పెట్టనక్కరలేదు, అందరి తలలూ మూడో బల్ల వైపు తిరిగాయి. మిస్ వెర్లిండా లేచి గుమ్మం వైపు నడిచింది. ఆమె వీపు చూస్తూ నేను గొంతు పెంచాను. "దోషులు వెలుగులో కూర్చోలేరు!" అని కేక వేశాను. ప్రభువా, ఆ గొంతు నువ్విచ్చిందే.

మూడు వారాల తర్వాత నా భార్య అడెలిన్ వంటపాకలో నూనె డబ్బా వెతుక్కుంటూ, "ఏమయ్యా, నా డబ్బాలో బురదేంటి? అడుగున మడ్డి అలాగే ఉంది, కడక్కుండానే పోసేశావా?" అంది. మా ఇంట్లో పందికొవ్వు డబ్బాలు నాలుగు ఉండేవి. రెండు నా బురదకు, రెండు ఆమె కొబ్బరి నూనెకు. అన్నీ ఒకేలా ఉంటాయి. ఆటకు ముందు రోజు ఐదు డజన్ల బంతులు ఆ పాకలోనే రుద్దాను. పై బురదతో రుద్దినవి బాగానే ఉన్నాయి. అడుగుకు వచ్చేసరికి ఆఖరి డజనుకు నూనె మడ్డి అంటింది, ఆ డజను తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బయటికి వచ్చింది. కొబ్బరి వాసన లేని రోజు ఆ పాకలో లేదు. నా ముక్కు ఇంట్లో పట్టని వాసనను మైదానంలో ఇంకొకడి తల మీద పట్టింది.

అడెలిన్ డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది. "ఆ బంతులు దీంతోనే రుద్దావా?" అంది. నేను డబ్బా అందుకుని మూత పెట్టబోయాను. "ఇప్పుడే పో. చెప్పులు కూడా వేసుకోకు, పో" అంది.

నేను వెళ్లలేదు. ఈస్టర్ కూటాలు అవనీ అన్నాను. తర్వాత, లీగ్ నన్ను తీసేస్తే సువార్తకు నింద వస్తుందన్నాను. తర్వాత, యౌవనస్థులు తొట్రిల్లుతారన్నాను. దాచుకోవాలనుకున్నవాడికి సాకులు కొబ్బరికాయల లాంటివి, ఏడాది పొడుగునా కాస్తాయి. అడెలిన్ నన్ను బయటపెట్టలేదు. అయితే ఆనాటి నుంచి చనిపోయేవరకు, ఎనిమిదేళ్లు, భోజనం బల్ల దగ్గర నా ప్రార్థనకు ఆమెన్ అనలేదు. మందిరం నిండా రెండు వందల ఆమెన్‌లు వినబడుతున్నా ఆ ఒక్కటి లేని చోటు నాకు తెలుస్తూనే ఉండేది.

కాబట్టి వ్రాస్తున్నాను, ఆరు దేశాలవారూ వినండి. కెన్స్లీ ఫోర్బ్స్ బంతికి నూనె పూయలేదు. నూనె నా ఇంటిది, డబ్బా నా ఇంటిది, రుద్దిన చేతులు నావి. ఆకాను గుడారం ఓల్డ్ బ్యాంక్ పేటలోనే ఉంది, అందులో నేనే కాపురమున్నాను. మూడు వారాల వరకు అది పొరపాటు. ఆ తర్వాత పందొమ్మిదేళ్లు అది పాపం.

మిస్ వెర్లిండా మళ్లీ మా మందిరం గడప తొక్కకుండానే పోయింది. కెన్స్లీ ఇప్పుడు రేవులో పడవ మోటార్లు బాగుచేస్తున్నాడు. అతని కొడుకు రోవెల్ ఇరవై యేళ్లవాడు, ఇప్పుడు టార్పన్స్‌కు బంతి విసురుతున్నాడు. లిమోన్‌లో ఆడినప్పుడు ఆ కుర్రవాణ్ణి "ఒరే కొబ్బరి నూనె కొడకా, టోపీ తియ్యరా!" అని కేకలు వేశారు. మా ఊళ్లో ఆట ఉన్నప్పుడు తండ్రి మైదానం గోడ బయట నిలబడతాడు. గోడెక్కి కూర్చున్నవాళ్లు "బంతి పడింది బాబాయ్, వాడి బ్యాటుకి తగల్లేదు!" అని పైనుంచి చెబితే వింటాడు. కొడుకు బంతి విసరడం ఇంతవరకు కళ్లతో చూడలేదు. ఈ శనివారం ఆఖరి ఆట.

5. పై నాలుగో అంశాన్ని ఒక్క మాట వదలకుండా మందిరంలో నా శవపేటిక ముందు చదవవలెను. చదివేది డీకన్ హుకర్. ఆయన గొంతు నాకు గిట్టదు గాని వెనక బల్ల దాకా వినబడుతుంది. చదివేటప్పుడు మూడో బల్ల ఖాళీగా ఉంచండి. నన్ను పొగుడుతూ ఎవరూ మాట్లాడరాదు. పాటలు రెండు చాలు.

6. నా అంపైరు ముసుగు, ఛాతీ కవచం ఈ ఊరి అంపైర్లలో అందరికంటే చిన్నవాడికి. నాయనా, డబ్బా కడుగు. కడిగి వాసన చూడు. ఇంకొకడి టోపీ తీయించే ముందు ఆ పని చెయ్యి. అడెలిన్ కొబ్బరి కోరాం మందిరం వంటగదికి. దాని పళ్లు ఇంకా పదునుగానే ఉన్నాయి, వేళ్లు జాగ్రత్త.

7. ఈ కాగితం మొదటి ప్రతిలో నా పడవను, మోటారును కెన్స్లీకి ఇచ్చాను. నోటరీ గుమాస్తా అది చూసి, "తాతా, ఇతనే సాక్షి అంటే కుదరదు. ఇందులో ఏదైనా పుచ్చుకునేవాడు సాక్షి సంతకం పెట్టకూడదు" అన్నాడు. అసలు అతన్ని సాక్షిగా నేను అడగలేదు, గుమాస్తాయే పొరపాటుపడ్డాడు. కానీ ఆ మాట పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. వీలునామా మనిషి చచ్చాక మాట్లాడుతుంది. అందుకే నేను వీలునామా ఎంచుకున్నాను. నా నిజం గురించి అతను నా సమాధి మట్టితో మాట్లాడుకోవాలి, నేను వినక్కరలేదు, పైగా పరిహారంగా ఒక పడవ. దావీదు రాజు పాపాన్ని అతని ముఖం మీదే చెప్పిన నాతాను ప్రవక్త, ఎవరి చావు కోసమూ ఆగలేదు. కాబట్టి పడవ మార్వాకు. కెన్స్లీ ఫోర్బ్స్‌కు నేను ఏమీ ఇవ్వడం లేదు, అతను సాక్షి కావాలి గనుక.

ఈ ఉదయం మార్వా చెయ్యి పట్టుకుని రేవుకు వెళ్లాను. అతని చేతులకు మోటారు జిడ్డు ఉంది, కాగితానికి అంటకుండా అంచులు పట్టుకుని నిలబడే చదివాడు. రెండోసారి కూడా చదివాడు. తర్వాత, "మా అమ్మ చనిపోయే దాకా ఒకటే అడిగేది, బ్రదర్ ఓమియర్. 'నీ తలకి నేను ఆ నూనె రాయకుండా ఉంటే బాగుండేదేమోరా' అని. ఇందులో అన్నిటికీ నంబర్లు వేశావు. దానికి ఏ నంబరు?" అన్నాడు.

నలభై యేళ్లు ఏ ప్రశ్నకైనా వాక్యం చూపించినవాణ్ణి. దానికి నంబరు లేదని చెప్పాను.

ఆరు జట్ల పెద్దలూ ఆఖరి ఆట కోసం ఊళ్లోనే ఉన్నారు. ఈ కాగితం నకలు మార్వా ఇప్పుడే వాళ్ల చేతికి ఇస్తుంది. నా చావు కోసం ఆగనక్కరలేదు. నన్ను పిలిస్తే కుర్చీతో సహా మోసుకెళ్లండి, అడిగినన్నిసార్లు చెబుతాను.

పైన వ్రాసినదంతా చదువుకుని, కొట్టివేతలు లేవని చూసుకుని, బ్లూఫీల్డ్స్‌లో 2016 మార్చి 9వ తేదీన సంతకం చేశాను.

థియోఫిలస్ ఓమియర్

సాక్షులు:

1. ఇలేన్ డౌన్స్, నర్సు. అతను తెలివితో ఉన్నాడు, ఏడుస్తున్నాడు.

2. కెన్స్లీ ఫోర్బ్స్, మోటారు మెకానిక్. చదివాను. జరిగింది ఇదే. క్షమించమని ఇందులో అడగలేదు, నేనూ దాని గురించి రాయను. శనివారం గేటు లోంచి వస్తాను.