గూఢచారి నివేదిక, మునియప్ప గులాబీ తోట

శుక్రవారం రాత్రి, బేరిగై

ఎవరు రాశారో తెలియని గూఢచారి నివేదికను నమ్మి, మొగ్గ తొడిగిన గులాబీ తోటను పీకేస్తావా? పొద్దున మునియప్పను ఇదే అడిగాను. గల్ఫ్ చుట్టూ నాలుగు వైపులా యుద్ధమని, అక్కడికి మన పూలు మోసుకెళ్ళే విమానాలు ఇక ఎగరవని వాట్సాప్‌లో వచ్చిన ఆ నివేదికను పోయిన వారం భజనలో వేదవాక్కులా చదివింది నేనే.

"నువ్వు చదివితేనే కదా సామీ, గడ్డపార ఎత్తుకొని వచ్చినాను!" అన్నాడు.

"చూసినోడు యాడున్నాడప్పా? సాక్షి లేని మాట చెల్లదంటుంది శాస్త్రం. తప్పు నాది!" సంచిలోని గ్రంథం చూపించి, గడ్డపార లాక్కున్నాను.

సాయంత్రం హోసూరు పూల వ్యాపారి మునియప్పకు ఫోన్ చేశాడు. సంధి చర్చలు మొదలయ్యాయట, రేపటి విమానానికి పూలు కావాలట. గెలిచాము! మునియప్ప గంతులు చూడాలి!

కానీ అదే నివేదికను కుందారపల్లి భజనలోనూ చదివాను. అక్కడ ఎన్ని తోటలు పీకేస్తున్నారో... పడుకోకు సామీ, లే, ఈ రాత్రే అందరికీ ఫోన్ చెయ్యి!