అల దాటాల్సిన బండి

మే 6, 2001, ఆదివారం

ఓడిపోయి వచ్చాం. సూళ్లూరుపేట దాటి సముద్రం దాకా టెంపోలో మోసుకెళ్లిన జెట్ స్కీ మొదటి అలకే నీళ్లు తాగి ఆగిపోయింది. అన్న ఈదుకుంటూ దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చాడు. మొన్నటిదాకా మన చెరువులో బాణంలా పోయిన బండి!

తప్పు నాయనదే. ఎవరూ అనలేదు. రేణిగుంటలో పంపుసెట్లు బాగుచేసే మనిషి. ఆయనకు తెలిసిన ఇంజన్లన్నీ వేడికి చచ్చేవే. అందుకే గాలి ఆడాలని దీని ఇంజను మూతకూ వరసగా బెజ్జాలు వేశాడు. సముద్రం వాటిలోంచే దిగింది.

తిరుగు దారిలో నాయనది ఒకటే మాట: "వచ్చే ఆదివారం అల దాటకపోతే ఇంజను విప్పి చెరుకురసం చంద్రయ్యకిచ్చేస్తా. చెరుకు ఆడేదానికైనా పనికొస్తాది."

అన్న కిటికీ వైపు తిరిగాడు. చెన్నై బీచ్‌లో పనిచేసినప్పుడు అక్కడివాళ్లు తుక్కులో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న బండి ఇది.

మే 7

బెజ్జాలు మూసేశాం. ఫైబరు, జిగురు. ఒళ్లంతా దురద.

మే 9

కానీ ఇంజనుకు ఊపిరి కావాలి కదా... గాలి రావాలి, నీళ్లు రాకూడదు. అన్నం తింటుంటే నాకే తోచింది — గాలి గొట్టాన్ని హ్యాండిల్ కడ్డీ దాకా పైకి తెచ్చి, మూతి కిందకి వంచితే?

నాయన నమలడం ఆపాడు. "పాప చెప్పేది విను రా" — అన్నతో.

రెండోసారి అన్నం పెట్టించుకున్నాను.

మే 10

నిలబడే చోట పాదాలకు పట్టీలు, లారీ ట్యూబు కోసి. అల ఎగరేసినా కాళ్లు జారకూడదట. అన్న నిలబడ్డాడు, నేను సుద్దతో గీశాను.

చెరుకురసం చంద్రయ్య వచ్చాడు. "ఏమప్పా, నా ఇంజనుకు చెప్పులు కుడతా ఉండారా?" నాయన కూడా నవ్వాడు. నాకు రాలేదు. నా ఇంజను అంట! దాటినా దాటకపోయినా సోమవారం ఇంజను తీసుకుపోయేదానికి రిక్షా తెస్తానని చెప్పి పోయాడు. నాయన వద్దనలేదు.

మే 12

మూత అంచు చుట్టూ టెంపో తలుపు రబ్బరు. పైపుతో నీళ్లు కొట్టి చూశాం. లోపల పొడి.

మే 13, ఆదివారం

దాటింది.

ఎలా రాయను... నురగ అనే మాట ఇన్నాళ్లూ పాలకే వాడాను. ఇవాళ అది గోడలా లేచి వచ్చింది. అన్న మోకాళ్లు వంచి, బండి ముక్కు పైకెత్తి — బండి కిందుగా ఆకాశం కనిపించింది! దిగింది. చప్పుడు ఆగలేదు. ఇంకో అల. ఇంకోటి. తర్వాతది అన్నను పడేసింది, మణికట్టుకు కట్టుకున్న తాడు స్విచ్చులోంచి ఊడి ఇంజను ఆగింది, మనిషి పడితే అది అట్లాగే ఆగాలి. మళ్లీ ఎక్కి నొక్కితే వెంటనే పట్టుకుంది.

నాయన లుంగీతోనే నడుంలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఈత రాదు.

ఒడ్డున మూత తీసి వేలుపెట్టి చూశాడు. కాస్త తడి, అంతే. వల ఆరేస్తున్న పెద్దాయన ఎవరు చేసింది అని అడిగితే, "మా పిల్లోళ్లు" అన్నాడు. పిల్లోడు అనలేదు... పిల్లోళ్లు.



మే 14

చంద్రయ్య పొద్దున్నే రిక్షాతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అన్న ముఖం కడుక్కోకుండా అట్లాగే నిలబడ్డాడు. నాయన షెడ్డు లోపల గడియ పెట్టుకున్నాడు.

చంద్రయ్యకు మజ్జిగ ఇచ్చి తలుపు దగ్గర చెవి పెట్టాను. ఇంజను విప్పే స్పానరు చప్పుడు కాదు. ఆకురాయి. దేన్నో సన్నగా, ఓపిగ్గా అరగదీస్తున్నాడు —