ఒరిజినలే ఇందూ

జూన్ 3
వైజాగ్ డాక్టర్లు చేతులెత్తేసేరు. కాన్సర్ లివరంతా పాకేసిందట. ఈయన్ని ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టమన్నారు. ఇష్టమైనవట! చెంచాడు చారు దిగట్లేదు మనిషికి.

జూన్ 9
రాయి వచ్చింది. షుంగైట్. వీడియో చూసి నేనే ఆర్డర్ పెట్టేను. రష్యాలో దొరుకుతాదట, దగ్గర దగ్గర అంతా కార్బనే. పూర్వం ఎవరో రాణి ఆ రాళ్ళ ఊటనీళ్ళు తాగి రోగం పోగొట్టుకుందట. చేతులకి మసి అంటుకుంది. ఏడుసార్లు కడిగి బిందెలో వేసేను. బొగ్గుముక్క తెచ్చి తీర్థం అంటావేటే అని ఈయన ఎకసెక్కం. ముప్ఫై ఏళ్ళు మోటార్లు చుట్టిన బుర్ర, దేన్నీ నమ్మదు. నీళ్ళు ముట్టలేదు. ఒళ్ళు మండింది. వంటింట్లోకెళ్ళి ఏడ్చేను.

జూన్ 10
ఆడపడుచు కన్యక వచ్చింది. ఆన్‌లైన్‌లో సగం డూప్లికేట్లే వదినా అంది. అసలుదైతే రాయిలోంచి కరెంటు పారతాదట. గబగబా బిందెలోంచి రాయి తీసి అటూ ఇటూ తిప్పి చూసేను.

ఈయన విన్నారు. షాపు టూల్ బాక్స్ తెమ్మన్నారు. మంచం మీదే లేచి కూర్చుని బాటరీకీ బుల్లి బల్బుకీ వైర్లు కట్టేరు. మిగిలిన రెండు కొనలూ రాయికి ఆనించి గుప్పిట మూసేరు. బల్బు వెలిగింది!

ఒరిజినలే ఇందూ, నీళ్ళు తే అన్నారు. గ్లాసుడు తాగేరు. ఎన్నాళ్ళకి గ్లాసుడు! కన్యక ముందే ఎగిరి గంతేసేను, సిగ్గులేకుండా.

జూన్ 16
సోమవారం. వారానికోసారి మసి కడిగి ఎండలో పెట్టాలి, లేపోతే రాయికి పవర్ దిగిపోతాదట. పెట్టేను. ఈయన అడిగి మరీ నీళ్ళు తాగేరు. నూకాలమ్మ తల్లికి చీర మొక్కేను.

జూన్ 21
ఈయన లేరు.

జూలై 4
నిన్నటితో కార్యాలన్నీ అయిపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయేరు.

బిందెలో రాయి కనబడింది. ఒరిజినలై ఉండి ఏం ఉద్ధరించేవే దిక్కుమాలినదానా అని తిట్టేను. ఎందుకో టూల్ బాక్స్ తీసేను. ఆ బల్బూ బాటరీ అలాగే కట్టి ఉన్నాయి. రెండు కొనలూ రాయికి ఆనించేను. వెలగలేదు. తిప్పి పెట్టేను, తుడిచి పెట్టేను. ఊహూ. బాటరీ అయిపోయిందేమోనని రాయి పక్కన పెట్టి వైరుకి వైరు తగిలించేను. ఠక్కున వెలిగింది.

ఆ రోజు గుప్పిట్లో ఇదే చేసేరు. నా మొహం చూడలేక. ఆ నీళ్ళూ నాకోసమే, గొంతు దిగకపోయినా. ఎంత మోసం చేసేరండీ! నేనేమో గంతులేసేను.

జూలై 7
సోమవారం. రాయి కడిగి ఎండలో పెట్టేను. కన్యక ఫోన్ చేసి, అది అసలుదేనా వదినా అంది. ఒరిజినలే, మీ అన్నయ్య చూసేరు కదా అన్నాను.