జామ్ రెండు సీసాలు

డోథన్, అలబామా
1971 మార్చి 12

అమ్మకు, నేను కులాసాగానే ఉన్నాను.

శనివారం టీవీలో రాయ్స్ గాంట్ నన్ను కుర్చీతో బాదడం చూసి నువ్వు తిండి మానేశావని చెల్లి నెడ్రా రాసింది. ముందు కడుపునిండా తిను. నుదుటి గాయం మానిపోయింది. మన పోస్టుమాన్ హాలిస్ చదవందే ఏ పోస్టుకార్డూ ఇవ్వడు, పైగా వాడికి కుస్తీలంటే ప్రాణం. అందుకని ఇంతకంటే రాయను.

నిన్న ఇక్కడ రాయ్స్ కళ్లలో ఉప్పు కొట్టి గెలిచాను. బరిలోంచి దిగి వస్తుంటే ముందు వరసలో ఒక ముసలావిడ, టోపీ జారకుండా జుట్టులో గుచ్చుకునే పొడవాటి టోపీ పిన్ను ఊడదీసి నా తొడలో దించింది. "మా రాయ్స్ జోలికొస్తావురా, సచ్చినోడా" అంది. కుంటుకుంటూ లోపలికి వెళితే, కుస్తీలు నడిపే మా ఓనరు పడీపడీ నవ్వాడు. "ముసలమ్మలే పొడుస్తున్నారంటే నీ పంట పండినట్టేరా. నిన్ను తిట్టడానికే జనం ఎగబడి టిక్కెట్లు కొంటారు. ఇక ఏ ఊళ్లోనైనా ఆఖరున జరిగే పెద్ద కుస్తీ నీదే" అన్నాడు.

కోళ్ల గూటికి తలుపు పెట్టించావా? మాంట్‌గోమరీలో నా కుస్తీకి నెడ్రాని తీసుకుని తప్పకుండా రా. నన్ను చూసి చెయ్యి ఊపకు, అందరితో కలిసి నోరారా తిట్టు. నీ టోపీ పిన్ను మాత్రం ఇంట్లో పెట్టి రా.

పీచ్ పళ్ల జామ్ ఈసారి రెండు సీసాలు పంపు. పోయినసారి నాకు సగమే దక్కింది. మిగతా సగం ఎవరు తిన్నారో కార్డు మీద రాసే సంగతి కాదు. రాత్రి ప్రార్థనలో రాయ్స్‌ని శపించడం మాత్రం మానెయ్యి.

నీ కొడుకు
వెర్నల్