పాత తొట్టి ఎందుకు పంపలేదంటే

చిరంజీవి చిట్టెమ్మకు,

నాన్న దీవెనలు. మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం, మీ ముగ్గురూ అలాగే ఉన్నారనుకుంటూ మొదలుపెడుతున్నాను. మెట్లు దిగేటప్పుడు మీ అమ్మకి మోకాలు గుర్తొస్తోందట, ఎక్కేటప్పుడు రెండో అంతస్తులో ఇల్లు తీసుకున్న నేను గుర్తొస్తున్నానట. కళ్ళజోళ్ళ కొట్టు ఎప్పటిలాగే నడుస్తోంది. నిన్న ఒక పెద్దాయన కళ్ళజోడు పోయిందని కంగారుగా వచ్చాడు. అది ఆయన నెత్తిమీదే ఉంది. నలుగురిలో చెప్పడం బాగుండదని, కొలతలు తీస్తున్నట్టు నటిస్తూ మెల్లగా తీసి తుడిచి చేతిలో పెట్టాను. "భలే దొరికిందే!" అని సంతోషంగా వెళ్ళిపోయాడు.

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. సముద్రపు చేపల తొట్టి కావాలని మా మనవరాలు పిట్ట పట్టుబట్టి కూర్చుందని రాశావు. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత మొండితనం ఎవరి పోలికో తెలియడం లేదన్నావు. మీ అమ్మకి చదివి వినిపిస్తే ఒకటే నవ్వు. "ఒకసారి అద్దంలో చూసుకోమని రాయండి" అంది.

తొట్టి ఎక్కడ పెట్టాలని అడిగావు. కిటికీ ఎండ పడని గోడ పక్కన పెట్టు. ఎండ తగిలితే తొట్టిలో పెరిగే పగడపు జీవాల కంటే నాచుకే ఎక్కువ సంబరం. ఉప్పు సంగతి అడిగావు. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు తొట్టెల కోసమే అమ్మే ఉప్పు పొడి ఉంటుంది, దాన్ని వడగట్టిన మంచినీళ్ళలో ముందు రోజే కలిపి ఉంచుకోవాలి. నింపిన మర్నాడే చేపల్ని వదలొచ్చా అని అల్లుడుగారు అడిగారన్నావు. వద్దని గట్టిగా చెప్పు. సముద్రపు రాళ్ళు పేర్చి, నీళ్ళు పోసి, మోటారు తిప్పి, ఆరు వారాలు ఊరికే కూర్చోవాలి. కంటికి కనిపించని జీవాలు ముందు ఆ రాళ్ళ మీద కాపురం పెట్టాలి. చేపల మురికిని తిని నీటిని నిలబెట్టేది అవే.

నీ చిన్నప్పుడు మనం అలాగే కూర్చున్నాం, గుర్తుందా? కింది వాటా టైలరు రోజూ పైకొచ్చి, "ఏంటి మాస్టారూ, రాళ్ళు పెంచుతున్నారా? గుడ్లు పెడతాయా?" అని ఏడిపించేవాడు. నువ్వు ఉక్రోషంగా, "అవి పడుకున్నాయి అంకుల్, ఇంకా లేవలేదు!" అనేదానివి. ఇరవై మూడో రోజు పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే నువ్వు పెట్టిన కేకకి ఏమైందోనని సగం నురగతోనే పరిగెత్తుకొచ్చాను. రాయి కంతలోంచి దారప్పోగంత పురుగు ఒకటి బయటికొచ్చి విసనకర్రలా విచ్చుకుంది. ఇద్దరం నేలమీద బోర్లా పడుకుని చూశాం. ఆ రోజు నీకు బడి ఆలస్యమైంది, నాకు కొట్టు ఆలస్యమైంది. టైలరు కూడా వచ్చి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ గుడ్ల మాట ఎత్తలేదు.

తర్వాత నారింజ రంగు చేప వచ్చింది, గుండీల్లాంటి ఆకుపచ్చ పగడాలు వచ్చాయి, వీపు మీద తెల్లగీత ఉన్న ఎర్రరొయ్య వచ్చింది. చేప నోరు తెరిచి నిలబడితే రొయ్య లోపల దూరి శుభ్రం చేసేది. దానికి 'పళ్ళ డాక్టరు' అని పేరు పెట్టింది నువ్వే. నువ్వు చెయ్యి ముంచితే వచ్చి గోళ్ళు కూడా శుభ్రం చేసేది. ఊపిరి బిగబట్టి, పెదాలు కదపకుండా, "నాన్నా, నా టోకెన్ నంబరు వచ్చింది" అనేదానివి. ఇప్పటికీ కొట్టు మూసి వచ్చి దీపం వేసినప్పుడు ఆ గోడవైపే ముందు చూస్తాను. అక్కడ ఇప్పుడు మీ అమ్మ కుట్టుమిషను ఉంది.

ఇక నీ చివరి మాట. "అటక మీదున్న పాత తొట్టీ, ఆ రాళ్ళూ పంపించు నాన్నా. ఒకసారి నా చేత్తోనే రొయ్యనీ పగడాలనీ చంపుకున్నాను. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసుకుంటాను" అని రాశావు. కొట్టులో నిలబడి చదివాను. చేతిలో ఉన్న అద్దం పక్కన పెట్టేసి, వచ్చినవాళ్ళని రేపు రమ్మన్నాను.

చిట్టెమ్మా, వాటిని చంపింది నువ్వు కాదు, నేను.

నీకు పదకొండేళ్ళప్పుడు సెలవులకి నాలుగు రోజులు పెద్దమ్మ ఇంటికి వెళ్ళావు. వెళుతూ వెళుతూ, ఇగిరిపోయిన నీళ్ళ బదులు రెండు చెంబులు నీళ్ళు పోశావు. మంచినీళ్ళ డబ్బా అనుకుని ఉప్పునీళ్ళ డబ్బాలోంచి పోశావు. అంతే నువ్వు చేసిన పొరపాటు. రెండో రోజు చేప ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు కనిపించాయి. నువ్వొచ్చేసరికి అది పోతుందేమోనని నాకు భయం వేసింది. చేపల కొట్టుకి పరిగెత్తి ఒక నీలం రంగు మందు తెచ్చాను. రెండు మూతలు తొట్టిలోనే పోసేశాను. అది మైలుతుత్తం కలిసిన మందు. చేపకి మంచిదే. రొయ్యకీ పగడాలకీ చుక్క కూడా విషం. చేపని వేరే బకెట్టులోకి మార్చి వైద్యం చేయాలని సీసా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. ఊళ్ళో వాళ్ళందరికీ చిన్న అక్షరాలు కనిపించేలా చేసేవాణ్ణి, ఆ నాలుగు లైన్లూ నేను చదవలేదు.

మర్నాటికే రొయ్య పక్కకి ఒరిగిపోయింది. పగడాలు ముడుచుకుపోయి, నీ రాకకి మూడు గంటల ముందు జిగురులా కరగడం మొదలుపెట్టాయి. నువ్వు వచ్చి, చెప్పులైనా విప్పకుండా తొట్టి ముందు కూలబడ్డావు. డబ్బాలు చూసుకున్నావు. మీ అమ్మ పక్కనే ఉంది.

"నేనే నాన్నా. ఉప్పునీళ్ళు పోసేశాను. నేనే చంపేశాను" అన్నావు.

నేనప్పుడే నిజం చెప్పాల్సింది. "పోనీలేమ్మా, తెలియక చేశావు" అన్నాను.

ఇంకా చెప్పాలి. నువ్వు ఏడుస్తూ పడుకున్నాక, ఉప్పు కొలిచే చిన్న దుర్భిణి తీసి ఒక బొట్టు వేసి చూశాను. గీత ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. నీ రెండు చెంబుల వల్ల వెంట్రుకవాసి తేడా కూడా రాలేదు. మచ్చలు పోయిన చేప హాయిగా తిరుగుతూనే ఉంది. అదంతా కళ్ళారా చూసి కూడా పొద్దున లేచి నీతో చెప్పలేదు. నువ్వు నన్ను అన్నీ తెలిసినవాడిలా చూసేదానివి. ఆ చూపు పోతుందని భయపడ్డాను. ఇంకో వారం తర్వాత చెబుదామనుకున్నాను. వారం గడిచాక, ఇన్నాళ్ళు దాచినందుకు ఏమంటావో అని కొత్త భయం పట్టుకుంది. అలా ఇరవై మూడేళ్ళు గడిచిపోయాయి.

సముద్రం గురించి చదువుతానన్న పిల్లవి ఆ తర్వాత ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. ఇప్పుడు మందుల ల్యాబులో ప్రతిదీ మూడుసార్లు తూస్తావనీ, అంత జాగ్రత్త మనిషిని చూడలేదనీ మీ ఆఫీసు వేడుకలో ఆఫీసరమ్మ మెచ్చుకున్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ జాగ్రత్త నీకు ఎక్కడ పట్టుకుందో నాకొక్కడికే తెలుసు.

మొన్న మీ అమ్మకి చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఏరుతూ చేట కింద పెట్టి, "ఆ పిల్ల ఆ ఏడాదంతా నీళ్ళ గ్లాసు ముట్టుకోవాలన్నా నా మొహం చూసి అడిగేది. అప్పుడైనా చెప్పాలనిపించలేదా?" అంది.

"అనిపించింది" అన్నాను.

"అయితే నాకు చెప్పి ఏం లాభం? దానికి చెప్పండి" అని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నా కంచం ఆవిడ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను.

పాత తొట్టి అందుకే పంపడం లేదు. ఆ మందు రాళ్ళలోకి ఇంకిపోతుంది, అద్దాల అతుకుల్లోని జిగురులోనూ దాగి ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా పోయిందన్న నమ్మకం ఉండదు. పంపితే పిట్ట రొయ్య కూడా పోతుంది, నువ్వు మళ్ళీ నీ చేతుల వంకే చూసుకుంటావు. గాజు కోసేవాడి దగ్గర కొత్త తొట్టి చేయించాను. వచ్చే నెల నేనే తీసుకొస్తాను, రమ్మంటేనే.

ఫోనులో చెప్పేయొచ్చు కదా అంది మీ అమ్మ. ఫోనులో చెబితే నేను మాట పూర్తి చేయకముందే "పర్లేదులే నాన్నా" అనేస్తావు. నీ స్వభావం నాకు తెలుసు. ఆ మాట నాకు అంత త్వరగా వద్దు. నాలుగు రోజులు నీ దగ్గర ఉంచుకుని, కోపం వచ్చినంతసేపు కోప్పడి, అప్పుడు నీకు ఏమనాలనిపిస్తే అది అనడానికి వీలుగా ఉంటుందనే ఉత్తరం రాశాను.

ఇట్లు,
నువ్వు ఏం రాసినా చదువుకునే,
మీ నాన్న