సుబ్బన్న తెరిచిన కన్ను

ధర్మవరం, 2003 మే, మంగళవారం రాత్రి

నా ఎడమ కంటిరెప్ప వాలిపోయి మూడేండ్లాయె. కళ్లద్దాలకు చిన్న తీగ పెట్టించి రెప్పను ఎత్తిపట్టొచ్చు, లేదంటే లోపలి కండ బిగించి కుట్టేయొచ్చు అన్నాడు బెంగుళూరు డాక్టరు. కుట్టేదానికే ఒప్పుకున్నా. ఎల్లుండి బేస్తవారం ఆపరేషన్.

రెప్ప లేస్తే ఎట్లుంటానో ముందే చూసుకుందామని, స్టూడియో సుబ్బన్నకు నా ఫోటో ఇచ్చి కన్ను దిద్దమన్నా. ఈ పొద్దు పోయి తెచ్చుకున్నా. రెండు కండ్లూ సమంగా ఉండాయి, అచ్చం పెండ్లినాటి మొగమే.

"ఇంత బాగా ఎట్ల చేసినావన్నా?" అని అడిగితి.

"నాకు ఇదే పని కదమ్మా. మనిషి పోయినంకనే చానామందికి ఫోటో గుర్తొస్తాది. పీనుగును కూర్చోబెట్టి తీస్తా. ఫోటోలో కండ్లు నేనే తెరుస్తా."

అడగకపోయినా ఫ్రేము కూడా కట్టినాడు. పైన రెండు మూలలా చిన్న మేకులు.

"ఇవెందుకన్నా?"

"దండ ఏసేదానికమ్మా. అలవాటులో కొట్టేసినా, ఏమనుకోవద్దు."

నవ్వుకుంటానే వచ్చేసినా. ఇంటికొచ్చినంక నవ్వు రాల్యా. కటింగ్ ప్లేయర్ తీసుకోని మేకులు పీకబోతి. కుడిపక్కది ఊడొచ్చింది.

ఎడమపక్కది ఎంత లాగినా రాల్యా.