ఆముదం పోయొద్దు

దిల్‌సుఖ్‌నగర్, జూన్ 1969

అమ్మకు స్తెఫను వందనాలు. మన రెబెక్క బతికింది.

టైఫాయిడ్‌తో పడుకున్న చెల్లె కడుపునొప్పి అంటే, నీ కోడలు నువ్వు చేసేటట్టే ఆముదం తాగించింది. తెల్లారేసరికి కడుపు బండలా బిగిసింది. బందుకు బస్సుల్లేక ఎడ్లబండిలో దవాఖానకు చేర్చాం.

"గీ జ్వరంల ఆముదం పోస్తరా? పుండ్లు పడ్డ పేగుకు చిల్లి పడ్డది. ఉత్త కుట్లు ఆగయి. పేగును కడుపు మీదికి తీస్తం, బలమొచ్చినంక లోపల పెడ్తం" అన్నాడు డాక్టరు. ఆపరేషనయ్యాక పొట్ట మీద ఎర్రటి పేగు చూశాను. 

కోడల్ని ఏమీ అనకు, ఏడుస్తూనే ఉంది. నాన్నకు వందనాలు.

తమ్ముడికీ అదే జ్వరమని రాశావు. వాడికి ఆముదం పోయొద్దు. ఈ కార్డు అందేలోపే పోసి ఉంటే, నొప్పి తగ్గిందని వాడన్నా నమ్మకు; పేగుకు చిల్లి పడ్డాక కాసేపు తగ్గినట్టే ఉంటుందట. బండి కట్టించి తీసుకురా.